కోచ్ గీసిన బస్సు రూట్లు

అయోవాలో ఒక చిన్న కాలేజీ. హైస్కూలు పిల్లలకు కాలేజీ స్థాయి గవర్నమెంటు పాఠం చెప్పబోయే టీచర్లకు వేసవి శిక్షణ, మూడో రోజు. కుస్తీ కోచ్ డ్వైట్ హానెమన్, పక్కన ఇదే పాఠం చెప్పి చెప్పి పండిపోయిన వెర్నా పిల్చర్, బోర్డు దగ్గర శిక్షకురాలు మిసెస్ క్విస్ట్.

“ఆ కుర్చీలో సంచి పెట్టకండి వెర్నా, జెర్రీ వస్తాడేమో.”

“ఏ జెర్రీ, కోచ్?”

“అదే, జెర్రీ మాండర్. పొద్దుటి నుంచీ మేడమ్ ఒకటే తిట్టడం. జెర్రీ మాండర్ అన్యాయం, జెర్రీ మాండర్ వల్లే ఓడిపోయారు... మనిషి లేనప్పుడు అన్నన్ని మాటలా?”

“అయ్యో, అది మనిషి కాదు—”

“మనిషే కాదా? మీరు కూడా అంత మాటనేశారా!”

“హానెమన్ గారూ, ఏమిటా గుసగుసలు?”

“ఏం లేదు మేడమ్. జెర్రీకి కూడా ఒక కాగితం తీసిపెడదామని.”

“ఎవరికి?”

“మీరు కానివ్వండి మేడమ్. ఆయనకి నేను చెప్తాలెండి.”

“సరే. అందరూ కాగితం మీద గళ్లు చూడండి. ఎర్రవి ఎక్కువ, నీలివి తక్కువ. వీటిని ఐదు సీట్లుగా విడగొట్టాలి. ఒక్కో గడీ ఒక్కో ఓటు. తక్కువున్న నీలమే ఎక్కువ సీట్లు గెలవాలి. కానివ్వండి.”

“గీయండి కోచ్.”

“నావల్లయ్యేదా? నిన్న ఫెడరలిజం అంటే పెడర్థం తీశాను. నాకు పట్లు తెలుసు గానీ పాఠం మీద పట్టేదీ? సోమవారం మా స్కూలు బోర్డు ఓటింగు, టర్నెల్ హైస్కూలు ఉంచాలా మూసెయ్యాలా అని. ‘ఈ కోర్సు మన బళ్లో ఉందంటే మూయడానికి వాళ్లకి నోరు రాదు’ అని మా ప్రిన్సిపాల్ నన్ను తోలాడు. నేను నేర్చుకుంటేనట బడి నిలబడేది. పాపం బడి!”

“పక్క ఊరు హాస్కిన్స్‌తో కలిపి బోర్డు ఒకటే అయినా, జనం మీ టర్నెల్‌లోనే ఎక్కువ కదా?”

“ఎక్కువే. అయినా ఐదుగురిలో ముగ్గురు హాస్కిన్స్ వాళ్లే గెలిచారు. మావాళ్లు బద్ధకించి ఓటుకి కదల్లేదేమో అనుకున్నాం. ఇదిగో, గీసేశాను.”

“అప్పుడేనా!”

“ఏదీ, ఇటివ్వండి... హానెమన్ గారూ! గదిలో అందరికంటే ముందు మీరే. తప్పే లేదు. ఎలా గీశారు?”

“ఇందులో ఏముంది మేడమ్, బస్సు రూట్లే కదా.”

“బస్సు రూట్లేమిటి?”

“పోయిన వేసవిలో మా బోర్డు చైర్మన్ లైల్ ఫోర్ట్‌నర్, హాస్కిన్స్ ఆయన, బుట్టెడు మొక్కజొన్న పొత్తులతో మా ఇంటికొచ్చాడు. పొత్తులు తెచ్చినవాడితో పొత్తు కుదరదా? ‘కోచ్, బడి బస్సు తోలేవాడివి, ప్రతి పొలం నీకు తెలుసు, ఐదింటికి సీట్లు సర్దిపెట్టు’ అన్నాడు. టర్నెల్ ఊరంతా రెండు బస్సుల్లో కుక్కేశాను. పొలాల్లో ఉన్న మావాళ్లని మిగతా మూడింట్లో తలా కొందర్ని, హాస్కిన్స్ వాళ్లతో కలిపి పడేశాను. గీత వంకర్లు పోయి జెర్రికి మల్లే కాళ్లొచ్చాయి గానీ, లైల్ మురిసిపోయాడు. వీపు మీద ఒక్కటి చరిచాడు, ఇప్పటికీ గుర్తే.”

“ఆ రూట్లలో బస్సులు తిరుగుతున్నాయా?”

“లేదు మేడమ్. పాత రూట్లోనే తోలుతున్నాను. డీజిల్ ఖర్చన్నారు.”

“మీ బోర్డు సీట్ల పటం ఎప్పుడైనా చూశారా?”

“బడి గోడకుందిగా. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను...”

“కోచ్.”

“ఆగండి వెర్నా.”

“కోచ్, మీ చేతిలో కాగితం—”

“ఆగండన్నానా! సీట్లు సర్దమన్నాడు. బస్సులో సీట్లు. బస్సులో అన్నాడు... బస్సులో అన్నాడా?”

“కూర్చోండి హానెమన్ గారూ. నీళ్లు తాగండి.”

“మేడమ్, దీన్ని ఆపొచ్చా?”

“కోర్టుకెళ్లొచ్చు. ఏళ్లు పడుతుంది.”

“సోమవారం లోపు, మేడమ్.”

“సోమవారం లోపు... లేదు.”

“ఇంత లావు పుస్తకం కదా. హక్కులన్నారు, అదుపులన్నారు. ఇలాంటివాటికి ఏదో ఒకటి ఉంటుంది కదా అందులో?”

“ఉంటుంది. సోమవారం లోపు ఉండదు.”

“కోచ్! వెనక వరుస నుంచి అడుగుతున్నాం! ఇంతకీ మీ జెర్రీ వచ్చాడా, లేదా?”

“ఊరుకోండి మీరు! ఆయనకింకా తెలీదు—”

“తెలిసింది వెర్నా. నేనే చెప్తాను వాళ్లకి. అదేం మనిషి పేరు కాదటండీ. సీట్ల గీతలు వంకర తిప్పి, జనాన్ని కొంత కుక్కి కొంత చీల్చి, ఎక్కువమందిని తక్కువ చెయ్యడమట. నేనేమో మనిషనుకుని పొద్దుటి నుంచీ పక్క కుర్చీ ఆపిపెట్టాను. ఆ సంచి పెట్టేసుకోండి వెర్నా. వాడు మొదటి రోజే వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.”