నిదానించిన కణాలు

పుచ్చిన పళ్లలో నింపే కొత్త సిమెంటు పరీక్షలో ఏం తేలిందో అడగడానికి కంపెనీ యజమానే ల్యాబుకు వచ్చాడు. పరీక్ష చేసింది అతని భార్య చెల్లెలే. మైక్రోస్కోపు ముందు నుంచి ఆమె లేవనైనా లేవలేదు.

"ఏం మరదలా, మన సిమెంటు పాసైనట్టేగా?"

"అది బ్రహ్మాండంగా ఉంది బావా. దాని పక్కన పెట్టిన చిగుళ్ల కణాలే చచ్చిపోయాయి."

"అలా రాస్తే ఎవడు కొంటాడు? కాస్త నిదానించాయని రాయి."

"సరే, మీరే లేపండి. ఇంట్లో ఎలాగూ మీ మాట ఎవరూ వినరు, ఇవైనా వింటాయేమో."

"వెటకారం ఆపు. నోట్లో అయితే ఉమ్మి కడిగేస్తుంది."

"కడిగి ఎక్కడికి పంపుతుంది? పక్క వీధికా? పొట్టలోకేగా!"

"ఇంకోసారి చేసి చూడొచ్చుగా?"

"మళ్లీ మళ్లీ చేశాను. ప్రతిసారీ మీ సిమెంటే గెలిచింది. అంత నమ్మకముంటే మొదటి డబ్బా అక్క దవడపన్నుకే వాడండి. ప్రకటనలో ఫోటో కూడా వేసుకోవచ్చు."

అతను ఫోను తీసి గోడవైపు తిరిగాడు.

"డాక్టరుగారూ, మా ఆవిడ వచ్చిందా? కుర్చీలో కూర్చుందా? నేను పంపిన డబ్బా తెరవకండి. పాత రకమే పెట్టండి. అబ్బే, ఏం లేదండీ, ఊరికే."

ఆమె మైక్రోస్కోపు ముందు నుంచి చటుక్కున లేచింది. అక్క పంటికి ఆ సిమెంటే నిజంగా పంపాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఇప్పుడేమని రాయను బావా? ఊరికే అనా?"

అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"చచ్చిపోయాయనే రాయి తల్లీ. మీ అక్కకి మాత్రం చెప్పకు."