హాల్బర్ట్ గారి సంతకం

బీపీ చూడక్కర్లేదు హాల్బర్ట్ డాక్టరుగారూ. ఎక్కువే ఉంటుంది, నాకు తెలుసు. మీతో మాట్లాడాలంటే ఒంట్లో ఏదో ఒకటి బాగాలేదని చెప్పాలట. అలాగని మీ నర్సు జెనీవా చెప్పింది. మోకాలి నొప్పి అని రాయించాను. మోకాలు శుభ్రంగా ఉంది.

నేను మార్లీ తల్లిని.

మార్లీ అండీ. వేసవి సెలవులన్నీ మీ వెనకాల నిలబడి మీరు రోగుల్ని చూస్తుంటే చూసిన పిల్ల. పొడుగ్గా ఉంటుంది, జుట్టు వెనక్కి కట్టుకుంటుంది... ఆఁ, ఆ పిల్లే. నెమ్మదస్తురాలా? పోన్లెండి, ఆ మాత్రమైనా గుర్తుంది.

మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరి దగ్గర పని చూసిందో ఆ డాక్టరు మంచిమాట రాసి సిఫార్సు ఉత్తరం ఇవ్వాలి. లెక్సింగ్టన్ పట్నం దాకా పోకుండా ఈ కొండల్లో ఇంకో డాక్టరుంటే నేను మీ గుమ్మం తొక్కేదాన్ని కాదు. అసలు ఈ ఉత్తరం అడగాల్సింది మా పిల్ల. ఆయన్ని అడగనంటే అడగనని కూర్చుంది. అందుకని నేనొచ్చాను. వచ్చినట్టు దానికి తెలీదు.

ఎందుకు అడగనందో తెలుసా మీకు?

ఓపల్ గుర్తుందా? స్కూలు వంటింట్లో నా పక్కన మొక్కజొన్న రొట్టెలు కాల్చేది. భారీ మనిషి, నోరూ పెద్దదే. పిల్లలకి రెండోసారి వడ్డిస్తానని ప్రిన్సిపాల్‌తో పోట్లాడేది. ఆయాసమని మీ దగ్గరికొచ్చింది. మీరు కూర్చోను కూడా లేదట. ఒళ్ళు తగ్గించుకో, రోజూ నడువు అన్నారట. ఎక్కడ నడుస్తుందండీ, ఆ ఘాట్ రోడ్డు మీద బొగ్గు లారీల మధ్యనా?

ఆ గోడ మీది చేప మీరు పట్టిందేనా? పక్కన ఫొటోలో ఎంత బాగా నవ్వుతున్నారు. మాలో ఎవరి ముందూ మీరలా నవ్వడం చూళ్ళేదు.

మీరు బయటికెళ్ళాక ఓపల్ గుండీలు పెట్టుకుంటూ మార్లీకి చెప్పిందట. మీతో చెప్పడానికి మొహమాటపడింది.

"పడుకుంటే ఊపిరాడ్డం లేదే పిల్లా. రోజూ కుర్చీలోనే తెల్లారిపోతోంది."

మా పిల్ల చదువుకుంటోంది కదా, ఇది గుండె సంగతని దానికి తట్టింది. నడవాలో మీ వెనకాల పరిగెత్తింది, చెప్పబోయింది. అప్పుడు మీరన్న మాట మీకు గుర్తుండదు. నాకు కంఠతా వచ్చేసింది, అది అన్నిసార్లు చెప్పింది.

"నువ్వు చూడ్డానికొచ్చావు, చెప్పడానికి కాదు."

అది నోరు మూసుకుంది. ఉత్తరం కావాలి కదా మరి.

మొన్న శనివారం ఓపల్‌ని సమాధి చేశాం. చర్చిలో అందరం భోజనాలకి కూర్చుంటే మార్లీ పళ్ళెం ముట్టుకోలేదు. ఇంటికొస్తుంటే కారులో చెప్పింది ఇదంతా. డాక్టరు చదువే వద్దంది. "ఆయన ఉత్తరం రాసిస్తే అది నేను నోరు మూసుకున్నందుకు ఇచ్చే కూలీ అవుతుందమ్మా" అంది.

 కారు పక్కకి తీసి ఆపాను.  

ఇంటికెళ్ళి ఆలోచించాను. అది మానేస్తే ఇక్కడ మాకు మిగిలేది ఎవరు? మీరే. ఇంకో ఇరవయ్యేళ్ళు మీరే. మా మాట చివరిదాకా వినే డాక్టరు ఈ కొండల్లోకి వస్తే గిస్తే అది నా కూతురే. దాని దారికి అడ్డంగా మీరు కూర్చున్నారు. మిమ్మల్ని బతిమాలడం నాకేం సరదా కాదు.

ఏంటి, సరే అంటున్నారా?

ఇంత తేలిగ్గానా.

ఓ. అమ్మాయినే రాసి తెమ్మంటున్నారా. మీరు సంతకం పెడతారా. అందరికీ ఇంతేనా? అంటే సెలవులన్నీ పక్కన తిప్పుకుని, ఆ పిల్ల గురించి నాలుగు ముక్కలు సొంతంగా రాయడానికి మీ దగ్గర ఏమీ లేదన్నమాట.

అది రాయదండీ. నేను రాస్తాను.

ఏం రాస్తానో ముందే చెప్తున్నాను, వినండి. మీరే మాట్లాడుతున్నట్టు రాస్తాను. 'నా దగ్గరికొచ్చిన ఒకావిడ పడుకోలేకపోతోందని ఈ అమ్మాయి నాకు చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. నాకు తట్టనిది ఈ అమ్మాయికి తట్టింది. నేను వినుంటే ఆవిడ బతికేదేమో.' అంతే. దాని గురించి ఇంతకన్నా మంచిమాట ఇంకెవరూ రాయలేరు. అది మార్లీకి కూడా కూలీలా ఉండదు.

తలాడిస్తున్నారు. నేనేమన్నానో విన్నారా?

ఆ కంప్యూటర్లో టైపు కొట్టుకుంటూనే ఉన్నారు.

మంచిది. శుక్రవారం తెస్తాను. అప్పుడూ ఇలాగే తలాడిస్తూ సంతకం పెట్టండి.