కొండలన్న పికప్‌కు ట్రాక్టర్ టైర్లు

తొంభై నాలుగు మార్చిలో ఒక పొద్దున, శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన చాయ్ హోటల్ బెంచీ మీద కొండల్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ద్రాక్షతోటల బండ్లు నడుపుతున్న డ్రైవరు. ఆయన ఎదురుగా మధు, మహేశ్వరం దగ్గర రెండెకరాల ద్రాక్ష వేసిన రైతు. అతనికిది మొదటి కోత. ఈమధ్యే కొన్న పాత పికప్ నిన్న వాగు ఇసుకలో దిగబడి, సగం పండు ఎండలోనే ఉండిపోయింది. ఇంకో రెండు రోజులు ఇలాగే అయితే పంటంతా పోయినట్టే. పెద్ద టైర్లు వేయిద్దామని బండ్ల షెడ్లుండే కాటేదాన్‌కు బయలుదేరి, ముందు కొండల్‌ను అడుగుదామని ఆగాడు.

ఆ పక్క అరుగు మీద సక్కుబాయి ఉంది. తోటల్లో పండ్ల పెట్టెలు బండ్లకెత్తే ఆడవాళ్లకు పెద్ద దిక్కు, ఆ రోజు మధు తోటకే పనికి పోవాలి. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేస్తున్న వరప్రసాద్ బస్సు కోసం చూస్తూ చాయ్ తాగుతున్నాడు.

"టైర్ల సంగతైతే నన్నే అడగాలె మధూ," అని మొదలుపెట్టాడు కొండల్. "ఐదేండ్ల కింద నేను నడిపిన తోట పటేలు పికప్ గూడ గిట్లనే గదే వాగుల దిగవడ్డది. కంపెనోడు ఇచ్చింది ఏడు-పదహారు టైరు. ఏడించుల వెడల్పు, పదహారించుల రిమ్ము. ఇసుకల అది తిరుగుతనే ఉంటది, బండి మాత్రం కదలదు. నేను కాటేదాన్ పోయి తొమ్మిది-పదహారు ఎక్కిచ్చిన. ఎక్కిస్తె ఏమైంది? స్టీరింగు తిప్పంగనే టైరు పోయి లోపల బండి బరువు మోసే కమాను పట్టీలకు రాస్తున్నది. మేస్త్రీ చేతులెత్తేసిండు. నేను ఒక్క నిమిషం కండ్లు మూసుకున్న, రిమ్ము విప్పమన్న, తిరగేసి బిగియ్యమన్న."

"తిరగేయడమంటే ఏమిటండీ?" అన్నాడు వరప్రసాద్.

"పళ్లెం ఉంటది గద సార్, బోర్లిస్తె దాని గుంత అటు పోతది. రిమ్ము నడుమ రేకు గూడ గంతే. తిరగేస్తె టైరు నాలుగు వేళ్ల మందం బయటికొస్తది. కమానుకు టైరుకు నడుమ నా చేతి వేళ్లు రెండు దూరినయి. టైరు లోపలికెంత కూసోవాలె, బయటికెంత రావాలె, గదీ అసలు విద్య. సైజుదేముంది, ఎవడన్న చెప్తడు."

మధు జేబులోంచి చీటీ తీసి రాసుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? బయటికొచ్చిన టైరు మడ్‌గార్డుకు తాకబట్టింది. లారీ కమాన్లు తెచ్చి కింద ఏసిన, బండి మూడు ఫీట్లు లేసింది. ఇగ గంత లేసినంక కింద చిన్న టైర్లుంటే ఏం బాగుంటది? ట్రాక్టర్ ఎనక టైర్లు ఉంటయి సూడు, గవి నాలుగు ఎక్కిచ్చిన. అవి మల్ల రాస్తున్నయి. రిమ్ము ఇంక బయటికి జరిపిన, కమాన్లు ఇంక లేపిన. జరుపుడు, లేపుడు, జరుపుడు, లేపుడు. ఎక్కాలంటె తాటిచెట్టెక్కెటోళ్ల మోకు కట్టుకొని ఎక్కుడే. సీట్ల కూసుంటె చార్మినార్ గడియారం కనవడేది. టైము జూస్కొని బయలెల్లేటోన్ని."

"ఇక్కడి నుంచి చార్మినారు గడియారమా?"

"ముల్లు గూడ కనవడేది సార్. ఒకనాడు ఉందానగర్ కాడ రైలు గేటు పడ్డది. అందరు ఆగిండ్రు. నా బండ్ల రెండొందల పెట్టెల అంగూర్ ఉన్నది, మార్కెట్ల పాట మొదలైతది. నేను ఎందుకు ఆగుత? గేటు మీదికెళ్లి దాటిన. సరిగ్గ పట్టాల మీదికి రాంగనె ఇంజను ఆగింది. అటుదిక్కు రైలు వచ్చె."

"అయ్యో," అన్నాడు మధు, రాయడం ఆపి.

"ఏం పరేషాన్ గాలె. రిమ్ములు బయటికి జరిపినమంటి గద, ఈ టైరుకు ఆ టైరుకు నడుమ సందు మస్తుగున్నది. పదహారు డబ్బాల రైలు నా బండి కిందికెళ్లి పోయింది. ఆఖరి డబ్బల గార్డు పచ్చజెండ ఊపుకుంట పైకి జూసి దండం పెట్టిండు. గందుకే చెప్తున్న, రిమ్ము ఎంత బయటికుంటె గంత మంచిది. రాసుకో మధూ."

మధు రాసుకున్నాడు.

"గదేం గాదు, ఇమానం ముచ్చట ఇను. బేగంపేటల దిగేటి ఇమానం, మబ్బులల్ల తొవ్వ తప్పింది. వచ్చి వచ్చి నా కిటికీ పక్కకొచ్చింది. పైలట్ అద్దం దించి, అన్నా, బేగంపేట ఎటువోవాలె అన్నడు. గీ రోడ్డు పట్టుకొని సక్కగ పో, మైలార్‌దేవ్‌పల్లి కాడ జర ఎడమ దిక్కు తిరుగు అన్న. పాపం ఆకలి మీదున్నట్టున్నడు, ఒక గుత్తి అంగూర్ అందిచ్చిన. ఇత్తులు మాత్రం కింద ఉమ్మకు, ఊర్లున్నయి అన్న."

వరప్రసాద్‌కు నవ్వాగక చాయ్ ఒలికింది. మధు మాత్రం నవ్వలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "అయితే ట్రాక్టర్ టైర్లొద్దు గని అన్నా, తొమ్మిది-పదహారు ఏపిస్త. కమాన్లు లేపిస్త."

అప్పుడు సక్కుబాయి నోరు విప్పింది. "కొండలన్నా, గంత ఎత్తు బండిల పెట్టెలు ఎవలెక్కిచ్చిండ్రు?"

"కూలోళ్లు ఎక్కిచ్చిండ్రు."

"కూలోళ్లంటె నేనే గద."

సక్కుబాయి మధు వైపు తిరిగింది. "రైలు లేదు, ఇమానం లేదు, ట్రాక్టర్ టైర్లు గూడ లేవు. ఈయన తొమ్మిది-పదహారు ఏసి కమాన్లు లేపింది మాత్రం నిజం. బండి వెనక బాడీ నా గదుమ కాడికొచ్చింది. ప్రతి పెట్టె నెత్తి దాటిచ్చి ఎక్కియ్యాలె. రెండో దినం చేతులు గుంజి పెట్టె నా మొకం మీదనే పడ్డది. గీ కనుబొమ్మ గప్పుడు పగిలిందే. మూడో దినం వోయి సూస్తె బండి కిందికి దిగి ఉన్నది. అవే పాత టైర్లు, అవే పాత కమాన్లు. ఏమైందన్నా అంటె, గాలి వోయిందన్నడు."

"గాలే వోయింది," అన్నాడు కొండల్ మెల్లగా.

"కమాన్లల్ల గాలి ఉంటదా? మేస్త్రీ చెప్పిండు నాకు. మల్ల ఎత్తు బండి పెడితె సక్కుబాయి సస్తదని పటేలుతోని కొట్లాడి మార్పిచ్చినవంట. ఐదేండ్ల సంది ఇమానం ముచ్చట చెప్తున్నవు, రైలు ముచ్చట చెప్తున్నవు. గీ ముచ్చట ఒక్కనాడన్న చెప్పినవా?"

కొండల్‌కు నిజంగా సిగ్గేసింది. అంత పెద్ద మనిషీ బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాడు, ఆయన ఎక్కవలసిన బస్సేమీ లేకపోయినా. వరప్రసాద్‌కు ఇంతసేపూ నవ్వినందుకు కాస్త బాధ కలిగింది.

"మరి వాగెట్ల దాటిండ్రు అన్నా?" అన్నాడు మధు.

"టైర్ల గాలి జర తక్కువ చేసినం. కత్తిరిచ్చిన ద్రాక్ష తీగలు ఇసుక మీద పరిచినం. సక్కుబాయోళ్లు ఎనకకెళ్లి నూకిండ్రు. గంతే." కోతలు కొయ్యకుండా ఆయన అంత చిన్న మాట చెప్పడం ఆ హోటల్లో ఎవరూ వినలేదు.

"మరి కాటేదాన్‌ల ఏం సైజు చెప్పాలె?"

"కాటేదాన్ ఎందుకు? సక్కుబాయిని బండి పక్కన నిలబెట్టు. బాడీ ఆమె నడుం దాటకుంటె, నీ బండికి ఉన్న టైర్లే సరైన సైజు."