తూటాల కొట్టు పైకప్పు

1946 వేసవి, మిట్టమధ్యాహ్నం. నగరి దగ్గర రాతి గనిలో బండలు పేల్చే తూటాలు దాచే కొట్టుకు పైకప్పు వేసిన మేస్త్రి గోవిందస్వామి, వాడగా మిగిలిన సిమెంటు దిమ్మె మీద ముంతెడు నీళ్ళు పోసి చూస్తున్నాడు.

"నిలవకుండా అడుక్కి దిగిపోయినాయే నీళ్ళు!" అన్నాడు, కావలికి కుదిరి వారమైన చెంగయ్య.

"కొంప మునిగింది మామా. సిమెంటులో అల్యూమినియం పొడి సిటికెడే ఎయ్యమన్నాడు ఇంజనీరు. ఇడ్లీ పిండి మాదిరి బాగా పొంగాలని నేను పిడికెడు ఏసినాను."

"పొంగింది గదా? దూది మాదిరి తేలిగ్గా ఉండాది."

"బొక్కలు ఆవగింజంత, దేనికది విడిగా ఉండాల. అప్పుడే గాలి వాటిల్లో చిక్కుకొని ఎండను ఆపుతాది. ఇవి సూడు, చింతగింజలంత! అన్నీ ఒకదాంట్లోకొకటి కలిసిపోయినాయి. వేడి తిన్నగా లోపలికే."

"అందుకేనా లోపల పొయ్యి మాదిరి ఉడుకుతా ఉండాది! పెట్టెలు గూడా తడిసినాయి."

"తడిసినాయా? మూణ్ణెల్లుగా వాన సుక్క లేదే!"

"ఏమో అప్పా. నూనె మాదిరి జిగటగా కారతా ఉంటే శుభ్రంగా తుడిచినాను."

గోవిందస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. వేడెక్కితే తూటా మందుకు చెమట పడుతుందని, ఆ చెమటకు చిన్న దెబ్బ తగిలినా పేలిపోతుందని ఇంజనీరు మరీ మరీ చెప్పాడు.

"దేంతో... దేంతో తుడిచినావు మామా?"

"దీంతోనే. ఎంతసేపని నిలబడతావు, కూర్చో అప్పా," అంటూ చెంగయ్య భుజం మీది తువ్వాలు తీసి, రాతి అరుగు దులపడానికి పైకెత్తాడు.