ఆకు పచ్చగా ఉన్నప్పుడే

"పెద్దమ్మా, కొత్త బంగాళాదుంపలంటే నంద్యాల మార్కెట్లో రెండు కిలోలు తీసుకున్యా. చూడు, బాగుండాయా?"

యాడ, ఇట్లియ్యి. ఏందీ, ఇది కొత్తదా? పాత ఉర్లగడ్డకు ఎర్రమన్ను పూసి నీ చేతిలో పెట్టినాడమ్మీ వాడు! కాలేజీలో పాఠాలు చెప్తావు, బొటనవేలితో రుద్ది చూసుకోల్యావా? కొత్తదైతే తోలు ఉల్లిపొర మాదిరి లేచొస్తాది. ఇది చెప్పుతోలు. యే కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్లు నిద్రపోయిందో.

నవ్వుతాండావా? నవ్వు. నేనూ మొదుట్లో నీ కంటే పెద్ద తెలివితక్కువ పనే చేసినాలే.

గోస్పాడు నుంచి ఈ ఆళ్లగడ్డ పక్కకు కోడలిగా వచ్చినప్పుడు మా మామకు పసుపు తప్ప ఇంకో పైరు కంటికి ఆనేది గాదు. ఆయప్ప మంచోడే, కానీ మొండి. మీ అమ్మకు పెండ్లిసంబంధం చూసింది గూడా ఆయప్పే... సరే, అది వేరే కత. నేనేమో బాయికాడి ఇసుకనేల పది సెంట్లు నాకియ్యి మామా, ఉర్లగడ్డ పెడతా అంటి. అప్పుడు కిలో అర్ధరూపాయి. కాదు కాదు, ముప్పావలా. ఏదోలే. ఆడికీ చుట్టాలొస్తేనే కొనేది.

"పెట్టు. రాకపోతే మల్లా ఆ మాటెత్తకూడదు" అన్న్యాడు మామ.

దీపావళి అయినంక, చలి రొంత తగిలినంక, అంగట్లో మొలకొచ్చిన గడ్డలు తెచ్చి, కన్నుకొక ముక్క కోసి నాటితి. ఆకు ఎంత కమ్మగా వచ్చిందనుకున్యావ్! దావన పోయేటోళ్లు నిలబడి చూసేది. ఇంగ చెడగొట్టింది యాడంటే, మేము పసుపోళ్లం గదా. పసుపు ఆకంతా ఎండినంక తవ్వుతాం. ఎండినాక నెల ఆగినా దానికేం గాదు. ఇదీ గడ్డే గదా అని అట్లే ఆగితిమి. ఉగాది ముందర పార ఏస్తే కంపు! ఎండకు మన్ను కాగి, గడ్డలన్నీ లోపల్నే కుళ్లిపోయినాయి. మా అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోని, "ఏం పండించినావే తల్లీ, చచ్చిన ఎలుకలా?" అనింది.

మామ తిట్టల్యా. అదే నాకు మంట. "ఇంగొక్క ఏడు ఇస్తా. అప్పుడు గూడా ఇట్లే అయితే ఆ పది సెంట్లూ పసుపే" అన్న్యాడు.

నేను ఊరుకుంటానా? ఆళ్లగడ్డలో కూరగాయల శెట్టి దగ్గరికి పోయి అడిగినా. ఆయప్ప తలకొట్టుకోని, "ఆకు పచ్చగా ఉన్నప్పుడే తియ్యాలమ్మా. అరవై, డెబ్బై రోజులు. శివరాత్రి ఎండ తగిలితే తోలు ముదిరిపోతాది" అని చెప్పినాడు. ఇంటికొచ్చి ఆ మాటంటే మామ అంతెత్తు లేచినాడు. "పచ్చాకు మీద గడ్డ తవ్వేది, కడుపులో బిడ్డను గుంజేది ఒకటే. పార ముట్టుకుంటే చూడు!"

పార ముట్టుకోవద్దన్న్యాడు గదా, నేను ముట్టుకోల్యా.

మరుసటేడు మల్లా నాటినంక, అరవై ఐదో రోజు బట్టలుతికే నెపాన బాయికాడికి పోయి, మన్ను ఎగదోసిన బోదె పక్కన వేళ్లతో గీకినా, ఎలుక మాదిరి. చెయ్యి లోపలికి పోతానే సల్లగా, నున్నగా తగిలింది చూడూ... అబ్బా! ఈ పొద్దుకూ ఆ సలవ ఈ వేలికి గుర్తుండాది. ఒక్కో చెట్టుకు రెండే తీసి, మన్ను కప్పి, అదిమినా. చెట్టు వాడల్యా, ఏం గాల్యా. ఆకును చూస్తే నాకే అనుమానం, తీసినానా ల్యానా అని.

తోలు తియ్యకుండానే ఉడకబెట్టి, ఎర్రగారం పూసి, సంకటిలోకి పెట్టినా. మామ ఒకటి తిని ఆగినాడు. ఇంగొకటి తిన్యాడు. "వెన్న మాదిరుండాయే, ఏ అంగట్లోవి?" అన్న్యాడు. మా అత్త నన్నే చూస్తాంది. "అంగట్లోవి గాదు మామా, మన బాయికాడివే" అంటి.

ఆయప్ప చెయ్యి గూడా కడగల్యా, లేచి పోయినాడు. అయిపాయ, చెట్లన్నీ పీకేసి పసుపు పెట్టేస్తాడు అనుకోని నేనూ ఎనకాలే ఉరికితి.

పోయి చూస్తే ఏముంది! తెల్లపంచె మన్నులో పెట్టుకోని, మోకాళ్ల మీద కూచోని, బోదె పక్కన వేళ్లతో గీకుతాండాడు. పక్కన పరిచిన తువ్వాల్లో అప్పటికే పది గడ్డలుండాయి. నన్ను చూసి, "ఏందట్లా నిలబడినావ్? గంప తేపో!" అని అరిచినాడు.

అప్పట్నుంచి ఆ పది సెంట్లు నావే. ఏడాదిలో పదైదు రోజులే అమ్మీ ఈ రుచి, మల్లా ఎంత ఎతికినా దొరకదు. ఈ యేడు నేను నాటి ఈ పొద్దుకు అరవై ఐదు రోజులు, నీ పుణ్యమా అని దినం గూడా సరిగ్గా కలిసింది. ఆ ఫోను ఆపు. ఆ మన్ను పూసిన గడ్డలు గాటికాడ పెట్టు, బర్రె తింటాది... ఏయ్, పార యాడికి? పెట్టాడ! చేతులుండాయి గదా. దేవుడు సల్లగా చూడనీ, నీకు నా యీడొచ్చినా వొంగి గీకే నడుమియ్యనీ. పా, బేగా పా, ఎండెక్కుతాంది.