మోగని గంట

నల్లపాడు దగ్గర పత్తి మిల్లులో రేపటి నుంచి పని మొదలు. నిప్పు హెచ్చరిక గంటను సరిచూస్తూ, షెడ్డులోంచి అఫ్రోజ్, ఆఫీసులోంచి రచన ఫోన్లో మాట్లాడుకుంటున్నారు.

“సెన్సార్‌కి వేడి చూపించాను రచనా. నా పైథాన్ ప్రోగ్రామ్ ‘షెడ్డులో నిప్పు’ అని పంపింది. గంట మోగలేదేం?”

“గంట మోగించాల్సిన నా జావా ప్రోగ్రామ్‌లో ఏమీ కనిపించట్లేదు అఫ్రోజ్.”

“పంపినట్టు ఇక్కడుంది. తప్పు నీ వైపే.”

“సరే, నీదొకసారి ఆపు.”

“ఆపాను. అరె, ఇప్పుడు మోగిందే!”

“అంటే కబురు ముందే వచ్చింది. లైను పూర్తయ్యేదాకా నాది ఎదురుచూస్తుంది. చివర కొత్త లైను గుర్తు పెట్టావా?”

“లేదు. మాట పంపితే చాలనుకున్నా.”

“మాట ఎక్కడ అయిపోయిందో దానికెలా తెలుస్తుంది? నువ్వు కనెక్షన్ తెంపాకే తెలిసింది.”

“గుర్తు పెట్టాను. మళ్లీ పంపుతున్నా.”

“వెంటనే మోగింది! ఇక ఇంటికెళ్దామా?”

“కాసేపు మోగనివ్వు. గింజలు తీసే జిన్నింగ్ మిషన్లు వేయించి, ఆ హోరులో షెడ్డు ఆ చివర నిలబడి వింటాను.”

“ఇంకా అనుమానమా?”

“రేపటి నుంచి మా అమ్మ అక్కడే కూర్చుని పత్తి ఏరుతుంది.”