పేరు పెట్టి ప్రార్థన

2018 మార్చి, లీడ్స్. శనివారం మధ్యాహ్నం, మూడో అంతస్తు ఫ్లాట్. రోజమ్మ వంటగదిలో డ్యూటీ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. కూతురు ఏంజెలినా బయట మెట్ల మీద ఫోన్ మాట్లాడి అప్పుడే లోపలికి వచ్చింది.

“మెల్లగా మాట్లాడు. ముందుగదిలో ఆ పిల్ల ఉంది.”

“హనాన్‌కి తెలుగు రాదుగా అమ్మా.”

“రాకపోయినా గొంతు తెలుస్తది. ఏమన్నాడు యోనాతాను?”

“ఏమంటాడు? నేను కాదు, నేను చెప్పలేదు అంటాడు. నువ్వు అబద్ధాలకోరువి అన్నా. ఫోన్ పెట్టేశాడు.”

“అంత మాటెందుకే? పోయిన నెల మనింట్లో అన్నం తిన్న పిల్లోడు.”

“తిన్నాడు. బైబిల్లో పన్నెండు గోత్రాలున్నాయి కదా, నీది ఏ గోత్రం బాబూ అని నువ్వు అడుగుతుంటే నవ్వుతా కూర్చున్నాడు. అది చూసే మంచోడనుకున్నా.”

“ఇశ్రాయేలు నుంచి వచ్చాడు కదా, తెలుస్తదేమోనని అడిగా. ఈ కాలరు చూడు, ఎంత రుద్దినా లేస్తానే ఉంది.”

“ఇస్త్రీ ఆపు కాసేపు. నీకు అర్థం కావట్లా. హనాన్ పేరు, ఇంటిపేరుతో సహా, ఫొటో వేసి పోస్టర్లు కొట్టారు. లైబ్రరీ గోడ మీద, బస్టాపులో. సోమవారం మా మీటింగు ఏ గదిలో, ఎన్నింటికి, అన్నీ ఉన్నాయి.”

“తిట్టారా?”

“రెండు వైపులా తిడుతున్నారు. పాలస్తీనా పిల్లవై ఉండి ఇశ్రాయేలు సైన్యంలో పనిచేసినోడి పక్కన కూర్చుంటావా అని కొందరు. ఈమెని యూనివర్సిటీలోకి ఎవరు రానిచ్చారని ఇంకొందరు. నిన్న తన హాస్టల్ రూము తలుపు ఎవరో దబదబా బాదారంట. తీసి చూస్తే ఎవరూ లేరు. అందుకే ఇక్కడికి తీసుకొచ్చా.”

“పోలీసులకి చెప్పొచ్చుగా.”

“చెబితే పేరు ఇంకా పైకి వస్తదని ఏడుస్తోంది. జూన్‌లో ఇంటికి వెళ్లాలి. దారిలో సరిహద్దు వంతెన దగ్గర సైనికులు గంటలు గంటలు కూర్చోబెట్టి అడుగుతారంట. అది దాటి ఇంటికి పోతే వీధిలో వాళ్లు అడుగుతారంట, అక్కడ ఎవరితో కూర్చున్నావ్ అని. యోనతాన్‌కీ అంతే. వాళ్ల అన్నయ్యకి తెలిస్తే మాట్లాడడు. అందుకేగా అమ్మా, ఆరు నెలలు ఈ మీటింగులు ఇంటిపేర్లు లేకుండా నడిపింది! ఫోన్లన్నీ బుట్టలో వేసి కూర్చునేవాళ్లం.”

“ష్. ఎవరో మెట్లెక్కుతున్నారు.”

“తలుపు సందులోంచి చూసొస్తా.”

“ఆగు. కదలకు.”

“...ఎదురింటి వాళ్ల పార్శిల్ అమ్మా. వెళ్లిపోయాడు.”

“ఆ గది సంగతి ఎంతమందికి తెలుసు?”

“నలుగురికి. హనాన్, యోనతాన్, నేను, గది ఇచ్చిన మేడమ్. మేడమ్ నోరు విప్పదు. హనాన్ తన పేరు తనే గోడకి అంటించుకోదు. నేను చెప్పలా. ఇంకెవరు మిగిలారు? హనాన్‌తో కూడా అదే అన్నా, వాడేనని.”

“నీ పేరు ఉందా, పోస్టర్లో?”

“లేదు. అదే వింత. మీటింగు నడిపేది నేను. నా పేరు లేదు.”

“ఎప్పుడు అంటించారు?”

“నిన్న పొద్దున. అంతకుముందు రోజే, గురువారం, ఫేస్‌బుక్‌లో పెట్టారంట. ఎందుకు?”

“ఊరికే.”

“అమ్మా. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టలేదు నువ్వు. చల్లటి దాంతో ఇందాకట్నుంచీ రుద్దుతున్నావ్.”

“ఆఁ... చూసుకోలా.”

“అమ్మా.”

“రెండింటికి డ్యూటీ. బస్సు పోతది.”

“అమ్మా, నా వైపు చూడు. ఎవరికి చెప్పావ్?”

“ఎవరికీ చెప్పలా. ప్రార్థనకి పెట్టా, అంతే.”

“ఎక్కడ?”

“మన చర్చి స్త్రీల కూడిక వాట్సాప్ గ్రూపులో. నలభై మందే ఏంజీ. అందరూ మనోళ్లే.”

“ఏం పెట్టావో చదువు. చదవమ్మా!”

“అరవకు. ‘ప్రియ సహోదరీలకు వందనాలు. ప్రార్థన అంశం. సోమవారం సాయంత్రం ఆరు గంటలకు మా అమ్మాయి యూనివర్సిటీలో ఒక మీటింగు నడుపుచున్నది. పాలస్తీనా అమ్మాయి హనాన్ ఖలీలీకి, ఇశ్రాయేలు అబ్బాయి యోనాతానుకు మధ్య సమాధానము కలుగునట్లు, ఎవరికీ అపాయము రాకుండునట్లు’...”

“ఖలీలీ అని నీకెట్టా తెలుసు?”

“లైబ్రరీ కార్డు ఇక్కడ మర్చిపోయింది కదా పోయిన వారం. యోనాతానుది తెలియదు. తెలిస్తే అదీ రాసేదాన్ని.”

“గది నంబరు?”

“అదీ రాశా. నువ్వు క్యాలెండర్లో రాసుకున్నావుగా.”

“గది నంబరు ఎందుకమ్మా? దేవుడికి గది నంబరు ఎందుకు?”

“ఆ గది చుట్టూ దూతల్ని కావలి పెట్టమని అడగటానికే! పేరు చెప్పకుండా, చోటు చెప్పకుండా ఎట్టా ప్రార్థిస్తారు? మీ నాన్న ఆపరేషన్‌కి కూడా వార్డు నంబరు, బెడ్డు నంబరు పెట్టి అడిగాం.”

“నా పేరు మాత్రం పెట్టలా.”

“‘మా అమ్మాయి’ అంటే అందరికీ తెలుసుగా. కావాలని మానలా. నిజంగా, కావాలని మానలా.”

“మనోళ్లు నలభై మంది దాకా వెళ్లింది, సరే. పోస్టరు దాకా ఎట్టా పోయింది?”

“మన చర్చి దయారత్నం అంకుల్ వాళ్లావిడ ఫోన్లో చూసి, ఇంగ్లీషులోకి మార్చి, బర్మింగ్‌హామ్‌లో వాళ్లకి తెలిసిన ఇంకేదో ప్రార్థన గ్రూపుకి పంపాడు. మనోళ్లు కారు, ఇంగ్లీషోళ్లు. ‘సిస్టర్, ఇప్పుడు నాలుగొందల మంది మోకరిస్తున్నారు’ అని మెసేజ్ పెడితే నేను సంతోషపడ్డా ఏంజీ. ఆ రోజు హాయిగా నిద్రపోయా.”

“దేవుడా. ఆ నాలుగొందల్లో ఎవరో బయటపెట్టేశారన్నమాట.”

“పోయిన వారం బస్సులో నీ మొహం మీదకొచ్చి ఎవడో అరిచాడన్నావ్. అప్పట్నుంచి నాకు ముద్ద దిగట్లా. నేనెవరితో చెప్పుకోను? కేర్ హోమ్‌లో ముసలమ్మలతో చెప్పుకోనా?”

“వెళ్లి హనాన్‌కి చెప్తా.”

“వద్దు! వద్దమ్మా. మన వీసా కాగితాలు హోమ్ ఆఫీసులో ఉన్నాయి. యూనివర్సిటీ వాళ్లు నిన్ను పిలిపిస్తారు. ఆ పిల్లకి రేపు ఏదన్నా అయితే మన వల్లే అంటారు. నన్ను డ్యూటీలోంచి తీసేస్తారు. తీసేస్తే వీసా ఏమవుతది?”

“యోనతాన్‌ని అబద్ధాలకోరువన్నానమ్మా. ఆరు నెలలు పట్టింది వాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవటానికి. మొదటి నెలంతా ఆమె గోడ వైపు చూసే మాట్లాడేది.”

“వాడికేముంది? చదువైపోగానే వెళ్లిపోతాడు. వాళ్ల దేశం వాళ్లకుంది.”

“అంటే నేరం వాడి మీదే ఉంచేద్దామా?”

“ఉంచమనట్లా. చెప్పొద్దంటున్నా.”

“రెండూ ఒకటే కదా.”

“నాకు తెలుసే! రెండూ ఒకటేనని నాకూ తెలుసు. భయమేస్తోంది. నీ కాళ్లు పట్టుకుంటా.”

“లే. లేమ్మా పైకి. తల్లివి, అట్టా చెయ్యకు.”

“చెప్పనని మాటివ్వు.”

“నాకూ భయంగానే ఉంది. కాగితాల మాట ఎత్తావ్ కదా.”

“అందుకే.”

“సరే.”

“చెప్పవుగా?”

“చెప్పను. వాడేనని అనుకుంటోంది, అనుకోనీ.”

“నా తల్లే.”

“నన్నట్టా పిలవకు ఇప్పుడు.”

“సరే, సరే. ఆ పిల్లని అన్నానికి పిలువు. పొద్దుట్నుంచీ ఏమీ తినలా. బెండకాయ కూర చేశా. వాళ్లమ్మ కూడా చేస్తదని చెప్పింది మొన్న.”

“హనాన్! కమ్, లంచ్ ఈజ్ రెడీ!... హనాన్?”

“నిద్ర పట్టిందేమో, పాపం.”

“సోఫాలో లేదమ్మా.”

“బాత్‌రూంలో చూడు.”

“లేదు. కోటు లేదు. బూట్లు లేవు. బయట తలుపు దగ్గరికి వేసి ఉంది, అంతే.”

“చెప్పకుండా ఎందుకు పోతది? మన మాటలు దానికి అర్థం కావుగా!”

“కావు. అమ్మా, నేను మెట్ల మీద ఫోన్లో ఉన్నప్పుడు నువ్వు తనతో ఏమన్నా మాట్లాడావా?”

“ఏం లేదు. టీ ఇచ్చా. ఏడుస్తుంటే పక్కన కూర్చున్నా.”

“ఇంకా?”

“నాకు అప్పటికి పోస్టర్ల సంగతి తెలియదే. ఏదో గొడవైందనుకున్నా. భయపడకమ్మా, మా చర్చి వాళ్లంతా నీ పేరు పెట్టి ప్రార్థన చేస్తున్నారు అన్నా. నాకొచ్చిన ఇంగ్లీషులో.”

“పేరు పెట్టి అన్నావా?”

“ధైర్యంగా ఉంటదని అన్నా. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎప్పట్నుంచి ఆంటీ అని అడిగింది.”

“పోస్టు పడింది గురువారం కదమ్మా. నువ్వేం చెప్పావ్?”

“బుధవారం నుంచి అని చెప్పా.”